కాగడా కొండ రాని ఆదివారం

ఈ ఆదివారం కథల నడకకి అందరూ వచ్చారు. కొండ రాలేదు.

నేను ఎప్పటిలాగే పచ్చ గొడుగు ఎత్తి పట్టుకుని బస్టాండు వెనక నిలబడి ఉన్నాను. నాతో కొండెక్కుతూ దాని కథ వినడానికి టోపీలతో, నీళ్ళ సీసాలతో జనం నా చుట్టూ చేరారు. కాగడా కొండ ఉండాల్సిన చోట, పూలకుండీ జరిపితే కనబడే నేలలా, తడిగా, చదునుగా, చీమలు కంగారుపడుతున్న జాగా ఉంది. దాని అవతల సముద్రం. ఇక్కణ్ణుంచి సముద్రం కనిపించడం ఊరికి కొత్త. ఇళ్ళు కొంచెం కొంచెంగా అటు తిరుగుతున్నాయి.

"ఆలస్యంగా వస్తుందా?" అని అడుగుతారు సుదర్శనం గారు. రిటైరైన తహసీల్దారు. "వానొస్తే వాయిదా అని కరపత్రంలో వేశారు. కొండ రాకపోతే ఏమిటో వెయ్యలేదు."

"వేయించాలండీ," అంటాను.

పైడితల్లి నెత్తిన అంబలి కుండతో వస్తుంది. కొండ మీద మేకలు కాసే మొగుడికి రోజూ ఈ వేళకి అంబలి పట్టుకెళ్తుంది. దారి ఉన్నంతవరకూ నడిచి ఆగుతుంది.

"ఏటి బావూ, కొండేదీ?"

"వెళ్ళిపోయింది."

"మా సూరప్పడు దాని మీదున్నాడు గదా!"

కుండ దించకుండానే నా వైపు తిరుగుతుంది. "నువ్వే సేసినావు. కిందటోరం బస్సుకి టైమైపోతందని కత కొస ముందే సెప్పీసినావంట. పైనుంచి మా ఆయన ఇన్నాడు. కతైపోతే ఇనేవోలు లేసి పోరేటి? అదీ ఓరం రోజులు సూసి లేసి పోనాది."

"సబబుగానే ఉంది," అంటారు సుదర్శనం గారు.

నాకూ అలాగే అనిపిస్తుంది. మళ్ళీ కథ మొదలుపెడితే కొండ వినడానికి వస్తుంది. వినేవాళ్ళు ఊ కొట్టాలి. మా వైపు ఊ కొట్టకపోతే కథ కదలదు.

"పూర్వం ఈ కొండ మీద దిబ్బన్న అనేవాడు రాత్రిపూట కాగడా వెలిగించేవాడు. అది చూసుకుని పడవలు ఒడ్డుకి చేరేవి."

"ఊ," అంటారు అందరూ. వాళ్ళ ఊలు నేల మీద పడి దొర్లుతాయి. ఏమీ లేవదు. వీళ్ళంతా ఈ కథని వచ్చే దారిలోనే ఫోన్లలో వినేశారు. తెలిసిన కథకి కొట్టిన ఊ బోలుగా ఉంటుంది.

"నీకు తెలుసా ఈ కథ?" అని పైడితల్లిని అడుగుతాను.

"నాకెవులు సెప్పినారు? బస్సులో ఒచ్చినోలకే గదా నువ్వు సెప్తావు."

మళ్ళీ మొదలుపెడతాను. "ఊ," అంటుంది పైడితల్లి. మోకాలెత్తు ఎర్రమట్టి లేస్తుంది. ఇంకో ఊకి జీడిచెట్లు వస్తాయి. మరో ఊకి సముద్రం మూసుకుపోతుంది. ఇళ్ళు పాత ముఖాలతో ఇటు తిరుగుతాయి.

"ఒక రాత్రి ఓడదొంగలు కొండెక్కారు. దిబ్బన్న మెడ మీద కత్తి పెట్టారు. కాగడా ఆర్పుతావా, తల తియ్యమంటావా అన్నారు. ఊళ్ళో మగవాళ్ళంతా సముద్రం మీదున్నారు."

"ఊ! ఊ!"

శిఖరం కూడా వచ్చేస్తుంది. మేకలు దిగుతున్నాయి, వాటి వెనక సూరప్పడు. సగం దారిలో ఉండగా నా దగ్గర ఒక్క వాక్యమే మిగులుతుంది. నేను ఆగుతాను. సూరప్పడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోతాడు. మేక నోట్లో ఆకు కూడా.

"దిబ్బన్న ఏటన్నాడు?" అంటుంది పైడితల్లి.

"అది చెబితే కథ అయిపోతుంది. నీ మొగుడితో సహా కొండ లేచిపోతుంది."

ఆమె గాలిలో ఉన్న ఆ కాలి వంక చూస్తుంది. అరికాలికి అంటిన పేడ కూడా కనిపిస్తోంది.

"అయితే నువ్వు నోరు ముయ్యి. నాను సెప్తాను."

కుండ దించుతుంది. "పొద్దున్న అంబల్లో ఉప్పు సాల్లేదన్నాడు. నీ నాలికే సచ్చిపోనాదన్నాను. మూతి ముడుసుకుని మేకల్ని తోలుకుపోనాడు."

ఈ కథ ఏ ఫోనులోనూ లేదు. "ఊ," అంటాను నేను.

సూరప్పడి కాలు నేల మీద పడుతుంది.

"తాగకుండా పోనాడు, బావూ. మద్దేనానికి కళ్ళు తిరుగుతాయి ఆ మడిసికి."

"ఊ."

ఇంకో అడుగు. అలా దిగి దిగి, కుండ ముందు కూర్చుని, ముంత ముంచుకుని తాగి, మూతి తుడుచుకుంటాడు.

"ఒలే, ఉప్పు ఇప్పుడూ సాల్లేదే."

"సూసినావా బావూ!" పైడితల్లి కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. వెంటనే పెళ్ళినాటి చేపల పులుసు దగ్గర్నుంచి అందుకుంటుంది. సూరప్పడు మధ్యమధ్యలో కాదంటున్నాడు. ఈ కథకి కొస లేదు. కొండ ఎక్కడికీ పోదు. వింటున్న నేనూ పోను.

నేను ఊ కొడుతూనే ఉన్నాను. ప్రతి ఊకీ నా పాదాలు కాస్త వెడల్పవుతున్నాయి. మోకాళ్ళ మీద గడ్డి మొలుస్తోంది. ఆ సంగతి ముందుగా మేకలు కనిపెట్టాయి. సుదర్శనం గారు బూట్ల తాళ్ళు బిగించుకుని, నా మడమ దగ్గర నిలబడి పైకి చూస్తారు.

"ఇటు నుంచి వాలు తక్కువ. రండి," అంటారు మిగతావాళ్ళతో.

కాగడా కొండ కాస్త పక్కకి జరిగి నాకు చోటిస్తుంది.