ముప్పై ఏడు కుందేటికొమ్ములు

బెళుగుప్ప పక్కన ఎర్రగుట్ట మీద ముప్పై ఏడు మొక్కలుంటే, ఆ పొద్దున నాగలక్ష్మమ్మకు ఒక్కటీ బతికి కనిపించలేదు.

ఆకుల్లేని నాలుగు పలకల కాడలు నల్లబడి, కుళ్ళి, రాళ్ళ సందుల్లో వాలిపోయాయి. కుందేటికొమ్ము మొక్కల్లో ఈ రకం ఇంకెక్కడా లేదని ఆమె రుజువు చేసి పదకొండేళ్ళయింది. ధర్మవరం మగ్గాల ఇంట పుట్టి, వృక్షశాస్త్రంలో దేశమంతా పేరు తెచ్చుకున్న మనిషి. పెద్ద పెద్ద కాలేజీలు పిలిచినా అనంతపురం వదల్లేదు. ఈ గుట్ట కోసమే. గురువారం కలెక్టరు వస్తాడు. మొక్కల్ని కళ్ళారా చూస్తే గుట్టకు కంచె వేయిస్తాడు. లేకుంటే గుట్ట కంకర క్వారీ పాలు. ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

క్వారీ కాంట్రాక్టరు ఈశ్వరప్ప గుట్ట కిందే షెడ్డులో దొరికాడు.

"ఏం పోసి చంపించావు ఈశ్వరప్పా?"

అతను పకపకా నవ్వాడు. "ఏమమ్మా, నీ కంపు పూలకు మందు కూడా దండగ గాదా? రెండేండ్లుగా వానల్లేక జనమే సస్తాండారు. అయినా మీ కాపలా మారెప్పను దాటుకొని ఆడికి పోయే మొగోడెవడు? నా మేకపోతు కాలిరగ్గొట్టినాడు ఆ ముసలోడు!"

అదీ నిజమే. నాగలక్ష్మమ్మ మళ్ళీ గుట్టెక్కింది. మోకాళ్ళ మీద కూర్చుని ఒక కాడ లాగింది. వేళ్ళు పీచులా ఊడొచ్చాయి. పురుగు లేదు, మందు వాసన లేదు. మట్టిలోకి వేలు గుచ్చితే చల్లగా తగిలింది.

తడి!

అది పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలం. ఊరి బావిలో అడుగున బురద. కడవ నీళ్ళకు ఆడవాళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. గుట్ట మీద తడి ఎక్కడిది?

కాడల్లోనే నీళ్ళు దాచుకునే మొక్క ఇది. వేళ్ళ దగ్గర తడి నిలిస్తే కుళ్ళిపోతుంది. ఆ మాట ఆమె క్లాసులో వందలమందికి చెప్పింది. మారెప్పకు మాత్రం "ప్రాణంగా చూసుకో" అని చెప్పి ఊరుకుంది.

మారెప్ప ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పెదవులు పగిలి నెత్తురు చారలు కట్టాయి.

"ఈడ నీళ్ళెవరు పోసినారు మారెప్పా?"

అతను వాలిపోయిన ఒక కాడను చేత్తో నిలబెట్టబోయాడు.

"నేనేనమ్మా. సంపింది నేనే. పోయిన నెల నువ్వొచ్చినప్పుడు, కాడలు ముడతలు పడినాయని మొగం సిన్నబుచ్చుకుంటివి. కలెక్టరు వచ్చేలోగా పచ్చగా లేపాలనుకుంటిని. మా ఇంటికి దినానికి రెండు కడవలు. ఒకటి ఈడికే మోసుకొస్తిని. 'మనవరాలి నోట్లో పోసే నీళ్ళు మట్టిలో పోస్తావా' అని నా పెండ్లాం బయమ్మ తిట్టె. నేను ఇనలేదు. వారం దినాలకు కాడలు మెత్తబడె. నీళ్ళు సాలలేదేమో అనుకొని ఇంకో సెంబు పోస్తినమ్మా."