మొహం చూడని బేరం

యలమంద పొడిని రెండోసారి గుడ్డలో పోసి జల్లిస్తున్నాడు. పల్చటి పాత పంచె గుడ్డ. వేళ్ళు గుండ్రంగా తిరుగుతుంటే అశ్వగంధ చూర్ణం కింద పళ్ళెంలోకి చప్పుడు లేకుండా రాలుతోంది. అతని కనుబొమల మీద, చెవుల వెంట్రుకల మీద కూడా అదే పొడి. కుడి బొటనవేలి గోరు పసుప్పచ్చగా మందం కట్టింది. ముప్పై రెండేళ్ళ దంపుడుకి ఎడమ భుజం కాస్త కిందికి జారింది.

తెనాలి మార్కెట్టు వెనక సందులో నాలుగు గదుల పెంకుటిల్లది. బోర్డు లేదు. కావలసినవాళ్ళకి తెలుసు. మగవాళ్ళ బలానికి చూర్ణం. అశ్వగంధ, దూలగొండి గింజలు, పల్లేరుకాయలు, పటికబెల్లం. ఆ వాసన చొక్కాలకి పట్టేసి వదలదు. యలమంద భార్య వెంకటరత్నమ్మ అతని చొక్కాలు విడిగా నానబెడుతుంది. ఎవరైనా అడిగితే, "మా ఆయన దగ్గు లేహ్యం చేస్తాడు" అంటుంది.

యలమంద పనిలో చేరిన రోజున యజమాని, పెద్దాయన సీతారామాంజనేయులు ఒక్కటే మాట చెప్పాడు. "ఈ బేరంలో చెయ్యి చూడాలిరా, మొహం చూడకూడదు. బయట ఎదురుపడితే పలకరించకూడదు. వాడి గుట్టే మన కూడు."

యలమంద ఆ మాట దాటలేదు. అతనికి మనుషులు చేతులుగానే తెలుసు. బీడీ మరకల చేతులు, పచ్చరాయి ఉంగరం చేతులు, వణికే చేతులు. పెళ్ళిళ్ళలో అలాంటి చెయ్యి ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. అలా తిప్పుకుని తిప్పుకుని పలకరించేవాళ్ళే లేకుండా పోయారు.

పెద్దాయన పోయి రెండేళ్ళు. ఇప్పుడు కొడుకు కిరీటి చూసుకుంటున్నాడు. ఆర్నెల్ల కిందట అతను ఒక నీలం డ్రమ్ము దింపించాడు. లోపల తెల్లపొడి. చూర్ణంలో చెంచాల లెక్కన కలపమన్నాడు. యలమంద నాలిక చివర పెట్టి చూశాడు. చేదు. చెట్టు చేదు కాదు, బిళ్ళ చేదు. అంతకుముందు రెండు నెలలకోసారి ఆశతో వచ్చిన చేతులే ఇప్పుడు పది రోజులకే వస్తున్నాయి.

"రేపల్లె బండికేనా బాబాయ్?" కిరీటి గుమ్మంలోంచి అడిగాడు. "బస్టాండు కొట్టుకి నలభై డబ్బాలు వెయ్యి. పోయినసారివి ఊడ్చుకుపోయారంట. మా నాన్న హయాంలో చూశావా ఈ స్పీడు?"

"అబ్బాయా, ఆ తెల్లపొడి..."

"మళ్ళీ మొదలెట్టావా?"

"గుండెజబ్బోళ్ళకి పడదంట. ఇది తిన్న పూటే నాలిక కింద బిళ్ళ పెట్టుకుంటే మనిషే దక్కడంట. మందుల షాపాయన్ని అడిగా."

కిరీటి నవ్వాడు. "అయితే ఏం చేద్దాం? ఇంగ్లీషు మందు కలిపాం, గుండెజబ్బోళ్ళు తినొద్దని డబ్బా మీద అచ్చేయిద్దామా? నువ్వు జల్లించు బాబాయ్. డాక్టరుగిరీ నాకొదిలెయ్."

యలమంద మళ్ళీ గుడ్డ పట్టుకున్నాడు. యాభై తొమ్మిదేళ్ళు. ఈ పని తప్ప అతని చేతులకి ఇంకోటి రాదు.

షాపాయన్ని అడగడానికి కారణం ఒక్క మనిషి. రేపల్లెలో రిటైరైన లెక్కల మేష్టారు విజయసారథి. కొట్టుకి వెళ్ళడు, ఎవడో ఒక శిష్యుడు ఉంటాడని. ఐదేళ్ళుగా స్టేషన్లో చివరి బెంచీ మీదే తీసుకుంటాడు. గురువారం గురువారం యలమంద ఆ వారానికి సరిపడా చూర్ణం డబ్బా పేపర్లో చుట్టి బెంచీ మీద పెడతాడు. ఆయన వచ్చి పక్కన కూర్చుని, కాసేపు పట్టాలు చూసి, డబ్బు బెంచీ మీద పెట్టి, డబ్బా సంచిలో వేసుకుని వెళ్ళిపోతాడు. మాట లేదు.

నెల కిందట బాపట్లలో ఒక పెళ్ళికి యలమంద వెళ్ళాడు. ఎదురు బంతిలో మేష్టారి చెయ్యి కనిపించింది. మొహం తిప్పుకోబోతుండగా ఆ చెయ్యి ఛాతీ మీదికి వెళ్ళింది. పక్కనున్నావిడ గబగబా పర్సు తీసింది. "నాలిక కింద పెట్టుకోండి. నీళ్ళు తాగకండి" అంది. ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్నదిగా ఉంది. ఆయన తేరుకునేదాకా వీపు నిమురుతూనే ఉంది.

ఆ వారంనుంచీ యలమంద మేష్టారి డబ్బా ఇంట్లో చేస్తున్నాడు. తెల్లపొడి లేకుండా, పాత పద్ధతిలో. "ఇంట్లో కూడానా ఈ కంపు?" అని వెంకటరత్నమ్మ తిట్టింది. అదే డబ్బా, అదే చీటీ. ఇవాళ్టిది కూడా అన్నం క్యారేజీ పక్కన పెట్టుకుని బండెక్కాడు.

వేమూరు దాటాక చేలు మొదలయ్యాయి. రేపల్లెలో దిగి, ముందు బస్టాండు కొట్టులో నలభై డబ్బాలు దించి, స్టేషనుకొచ్చి కూర్చున్నాడు. మేష్టారు వచ్చాడు. డబ్బా తీసుకోలేదు.

"ఇది పనిచెయ్యట్లేదయ్యా" అన్నాడు పట్టాల వంక చూస్తూ. ఐదేళ్ళలో మొదటి మాట. "మధ్యలో కొన్నాళ్ళు బాగుంది. ఈ నెలంతా మట్టి తిన్నట్టుంది. బస్టాండులో దొరికేది వేరేనా?"

"అది మీకొద్దండి."

"ఎందుకొద్దు?"

యలమంద బెంచీ మీద దగ్గరికి జరిగాడు. "బాపట్ల పెళ్ళిలో అమ్మగారు మీకు బిళ్ళ ఇచ్చారు కదండి. ఆ బిళ్ళకీ దీనికీ..."

మేష్టారి చెవులు ఎర్రబడ్డాయి. మొదటిసారి తిరిగి యలమంద మొహంలోకి చూశాడు.

"ఐదేళ్ళు నీ దగ్గర తీసుకున్నది నువ్వు చూడవనేనయ్యా."

లేచాడు. డబ్బా బెంచీ మీదే వదిలేసి నడిచాడు. యలమంద వెనకాలే గేటు దాకా వెళ్ళాడు. "సార్, ఒక్కమాటండి" అన్నాడు. గేటు దగ్గర ఆటోవాళ్ళు నలుగురు తిరిగి చూశారు. "మేష్టారికి సరుకేదో ఉన్నట్టుందిరోయ్" అన్నాడొకడు. మిగతావాళ్ళు నవ్వారు. మేష్టారు నడక పెంచాడు. అరిచి చెప్పాలి. ఏమని? ఈ నడిబజార్లో, ఏ మందని, దేనికని? రోడ్డు దాటబోయాడు. అడ్డం వచ్చిన బస్సు పోయేసరికి మేష్టారు బస్టాండు కొట్టు దగ్గర ఉన్నాడు. కండువా నెత్తిన కప్పుకుని ఓ పక్కగా నిలబడి చెయ్యి చాచాడు. కొట్టువాడు మొహం చూడకుండా డబ్బా ఆ చేతిలో పెట్టాడు.

యలమంద తిరుగు బండెక్కాడు. క్యారేజీ విప్పలేదు.

తర్వాతి గురువారం బెంచీ మీద గంటసేపు కూర్చున్నాడు. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మే స్టెల్లా గ్లాసు తెచ్చి ఇచ్చింది.

"సారు కోసమా అన్నయ్యా? పోయారు. ఆదివారం తెల్లారుజామున. గుండెపోటంట." పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. "పాపం మీనాక్షమ్మగారు. ఒంటరి మనిషిని పెళ్ళి చేసుకుని నిలబెట్టిందని ఊరంతా అనుకున్నాం. మీరిద్దరూ భలే స్నేహితులు. ఒక్క మాటా ఆడుకోకుండా అంతంతసేపు కూర్చునేవాళ్ళు."

టీ చల్లారింది. ఇల్లెక్కడో అడిగాడు. ఇన్నేళ్ళలో కొన్నవాళ్ళ ఇంటికి అతను వెళ్ళడం అదే మొదలు.

డాబా ఇల్లు. వరండాలో ఆ బాపట్లలో చూసినావిడే, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. లోపల ఎవరో బంధువులు మాట్లాడుకుంటున్నారు. యలమంద గేటు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తలెత్తింది.

"ఎవరండి? ఆయనకి తెలిసినవారా?"

చెప్పాలనే వచ్చాడు. ఏం తిన్నాడో, ఎవరు కలిపారో, ఎవరు మోసుకొచ్చి దించారో. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. ఆ రాత్రి జరిగినదంతా ఆమె ఇప్పుడు మళ్ళీ మళ్ళీ తలుచుకుంటూ ఉంటుంది. అందులో ఈ డబ్బా కూడా పెట్టాలా? పెట్టకపోతే ఆ నలభై డబ్బాలు కొన్న మిగతా చేతుల సంగతో?

"ఆయనకి గుండె ఎప్పుడూ అంత ఇబ్బంది పెట్టలేదండి. బిళ్ళ వేసుకుంటే తగ్గేది" అంది ఆమె, అతను అడగకుండానే. "ఈసారి బిళ్ళ నేనే పెట్టాను. పెట్టిన కాసేపటికే..."

యలమంద గేటు ఊచ గట్టిగా పట్టుకున్నాడు.

"తెలీదండి" అన్నాడు. "ఇల్లు పొరపాటు పడ్డానండి."

ఆమె తల ఊపి మళ్ళీ గోడకి ఆనుకుంది.

గేటు లోపల, గోడ పక్కన మేష్టారి సైకిలు స్టాండు వేసి ఉంది. హాండిలుకి శనివారం సాయంత్రం తెచ్చిన కూరల సంచి ఎవరూ తియ్యక అలాగే వేలాడుతోంది. అందులోంచి తోటకూర కట్ట ఒకటి బయటికి వాలింది. ఆకులు నల్లబడి కాడలకి అంటుకుపోయాయి. చుట్టూ ఉన్న అరటినార మాత్రం ఇంకా బిగువుగానే ఉంది.