పేర్లు పోయిన పాఠాలు

నేను ఒక వెబ్‌సైట్‌ని. నన్ను చూసినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళే ఎక్కువ. చూపులేని విద్యార్థుల కోసం చదివి రికార్డు చేసిన పాఠాలు నాలో ఉంటాయి.

ఒంగోలులో ఒక పాలిటెక్నిక్ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పుట్టాను. ఇమ్మానుయేలు అనే లెక్చరరు ఆదివారాలు కూర్చుని నన్ను తయారుచేశాడు. పాఠాలు చదివింది మాత్రం జానీబేగం గారు. ఆవిడ బాలికల హైస్కూల్లో సోషల్ టీచరు. బడి నుంచి వచ్చాక వంటింటి తలుపు వేసుకుని, ఫ్యాను ఆపి, ఫోను ముందు పెట్టుకుని చదివేవారు. పుస్తకంలో పటం వస్తే దాటేసేవారు కాదు. "అరచెయ్యి చాపుకోండి. మణికట్టు దగ్గర మహాబలేశ్వరం, మధ్యవేలి కొసన హంసలదీవి. ఇంకో చేత్తో అలా తడుముకుంటూ పోండి, అదే కృష్ణ" అని చెప్పేవారు. ఎనిమిదేళ్ళలో నాలుగు వందల ముప్ఫై ఆరు రికార్డింగులు నాలోకి చేరాయి.

తర్వాత ఇమ్మానుయేలుకు కర్నూలు బదిలీ అయింది. రోజూ చూసుకుంటుంటానని చెప్పి వెళ్ళాడు. మొదటి నెల చూశాడు. ఆ వేసవిలోనే జానీబేగం గారు గుండెపోటుతో పోయారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. పాఠాలు రావడం ఆగిపోయింది, అంతే.

మూడేళ్ళు అలా గడిచాయి. ఎవరో వచ్చేవారు, పాఠం వినేవారు, వెళ్ళిపోయేవారు. అభిప్రాయం రాయమని అడుగున ఒక పెట్టె ఉంది. అందులో జుట్టు పెరిగే నూనెల ప్రకటనలు తప్ప ఎవరూ ఏమీ రాయలేదు. నన్ను నడిపే సాఫ్ట్‌వేరు పాతబడుతూ ఉంది. చేయాల్సిన అప్‌డేట్లు ఎన్ని మిగిలాయో చెప్పే ఎర్రచుక్క ఒకటి నా లోపలి పేజీలో ఉంటుంది. దాంట్లో అంకె పెరుగుతూనే ఉంది. చూసేవాళ్ళు లేరు.

చివరికి ఒక మధ్యాహ్నం వసుంధర చూసింది. ల్యాబు అసిస్టెంటుగా కొత్తగా చేరిన ఆమెకి నన్ను కూడా అప్పగించారు. ఎర్రచుక్కలో ఇరవై మూడు కనబడగానే, "అయ్యో, ఎన్నాళ్ళుగా ఎవరూ పట్టించుకోలేదే" అంటూ అన్నింటినీ ఒక్కసారే నొక్కింది. ముందుగా కాపీ తీసుకోమని నేను హెచ్చరిక చూపించాను. మనుషులు అలాంటివి చదవరు. మూడేళ్ళలో నన్ను పట్టించుకున్న మొదటి మనిషి ఆమె. నన్ను పడగొట్టిందీ ఆమే.

నా సరంజామా అంతా ఉండే అద్దె సర్వర్లో చోటు చాలలేదు. అప్‌డేట్ సగంలో ఆగిపోయింది. నాలో సగం కొత్త, సగం పాత. ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. తలుపు దగ్గర ఒక్క వాక్యం మిగిలింది: "మరమ్మతు జరుగుతోంది. కొద్దిసేపట్లో తిరిగి రండి."

వచ్చిన ప్రతివాళ్ళకీ ఏడు రోజులు అదే చెప్పాను. అబద్ధమని తెలిసీ చెప్పాను. వసుంధర భయపడి ఎవరికీ చెప్పుకోలేదు. ఖాళీ దొరికినప్పుడల్లా ఏదో ఒకటి నొక్కి చూసి, పెదవి కొరుక్కుని లేచిపోయేది.

ఎనిమిదో రోజు ల్యాబుకి ఫోన్ వచ్చింది.

"నా పేరు మాలకొండయ్యండి. కందుకూరు పక్కన పల్లె మాది. నాకు చూపు లేదు. మీ పాఠాల సైటు వారం నుంచీ కొద్దిసేపు, కొద్దిసేపు అనే చెప్తంది. ఆ కొద్దిసేపు ఎంతో చెప్పండి మేడమ్, అప్పటిదాకా ఊరుకుంటా. పన్నెండు రోజుల్లో టీచరు పరీక్ష ఉంది నాకు."

వసుంధర కుర్చీ లాక్కుని నన్ను తెరిచింది. "నా వల్లే పోయిందండీ. బాగుచేస్తాను" అంది.

ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు. అక్కర్లేనివి తీసేసి సర్వర్లో చోటు చేసింది. పాత సాఫ్ట్‌వేరు వెతికి తెచ్చి మళ్ళీ పెట్టింది. నాకు తగిలించిన చిన్న చిన్న ప్రోగ్రాములన్నీ ఆపేసి, ఒక్కొక్కటే తిరిగి నడిపించి చూసింది. సాయంత్రానికి తెరుచుకున్నాను. రికార్డింగులన్నీ భద్రంగానే ఉన్నాయి. కానీ ఏది ఏ పాఠమో చెప్పే పట్టిక పాడైపోయింది. నాలుగు వందల ముప్ఫై ఆరింటికీ పేర్లు పోయి అంకెలు మిగిలాయి. ఆ సంగతి చెప్పడానికి ఆమే మాలకొండయ్యకు ఫోన్ చేసింది.

"గొంతులున్నయ్యి గదా? అయితే నేనొస్తన్నా" అన్నాడతను.

మర్నాడు పొద్దున బస్సు దిగి, మడతకర్రతో మెట్లు తడుముకుంటూ వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఆమె ఒక రికార్డింగు పెట్టింది. నాలుగు సెకన్లు కాకముందే చెయ్యెత్తాడు.

"ఎనిమిదో తరగతి, భూమి పొరలు."

"ఇంకా పాఠం మొదలే కాలేదు. ఎలా తెలిసింది?"

"ఈ పాఠానికి మేడమ్ గారికి జలుబు. ఊపిరి తీసిన చప్పుడు చాలదూ!" నవ్వాడు. "కుక్కరు రెండు కూతలేస్తే రాజ్యాంగం."

మూడు రోజులు అతను చెప్పాడు, ఆమె రాసింది. రెండో రోజు ఆమె ఉండబట్టలేక అంది: "పరీక్ష పెట్టుకుని ఇక్కడ కూర్చున్నారు. తప్పు నాది."

"నేనొక్కణ్ణే రాయట్లేదు గదండీ. ఆ కొద్దిసేపు కోసం ఇంకా ఎంతమంది కూర్చున్నారో."

మూడో రోజు సాయంత్రం ఆఖరి రికార్డింగు వచ్చింది. అది పాఠం కాదు. ఫోను ఆపడం మరిచిపోయినట్టున్నారు. కుళాయి నీళ్ళ చప్పుడు, బియ్యం కడుగుతున్న చప్పుడు. తర్వాత జానీబేగం గారు తనలో తాను అనుకున్న మాట: "ఇంత చదువుతున్నాను, అవతల ఎవరైనా వింటున్నారో లేదో. ఒక్కరు చెప్పినా బాగుండు."

మాలకొండయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మేడమ్ గారి ఇల్లు ఇక్కడికి ఎంత దూరం? పోయి చెప్పొస్తా. ఇన్నేళ్ళూ అనుకోలేదు చూడండి, బుద్ధి లేదు నాకు."

వసుంధర మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసింది. "ఆవిడ లేరండీ. మూడేళ్ళయింది."

అతను కర్ర మడిచాడు. మళ్ళీ విప్పాడు. "ఇంకొక్కసారి పెట్టండి" అన్నాడు.

విన్నాక ఆమె అడిగింది, "దీనికి ఏం పేరు రాయను?"

"ఏం రాయొద్దు. తీసెయ్యొద్దు."

మాలకొండయ్య పాసయ్యాడు. కనిగిరి దగ్గర ఒక బళ్ళో చేరానని వసుంధరకు ఫోన్ చేసి చెప్పాడు. ఆమె ఇప్పుడు ప్రతి శనివారం నా కాపీ తీసి దాస్తోంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. ఏ పుస్తకం చూపించినా ఇప్పుడు ఫోనే చదివేస్తోంది. దానికి జలుబు చెయ్యదు. కొన్ని రోజులు ఒక్కరూ రారు. అలవాటైపోయింది.

పోయిన నెల నాకు కొత్త పాఠం వచ్చింది, ఇన్నేళ్ళకి. ఐదో తరగతి, మన నదులు. మాలకొండయ్య గొంతు. వాక్యానికీ వాక్యానికీ మధ్య, బ్రెయిలీ కాగితం మీద వేళ్ళు జరిగే చిన్న గరగర వినిపిస్తుంది.

ఇప్పటికి దాన్ని ముగ్గురు విన్నారు.