ఐదు కాపీలు, స్పైరల్ బైండింగ్

నా జిరాక్స్ షాపు యూనివర్సిటీ ప్రహరీగోడలోనే ఉంది. షట్టర్ వాళ్లది, మిషన్లు నావి. పదిహేనేళ్లుగా వాళ్ల కాగితాలే తీస్తున్నాను. మొన్న సోమవారం వచ్చిన ఫైలు చూశాక మాత్రం ఒళ్లు మండిపోయింది.

మర్నాడు తనిఖీ బృందం వస్తోందట. ఐదు కాపీలు, స్పైరల్ బైండింగ్ కావాలట. ముందు 'మా చరిత్ర'. గురుకుల సంప్రదాయంలో పుట్టిన విద్యాలయమట! సీతాఫల్‌మండిలో బియ్యం కొట్టు మీద రెండు గదుల్లో, పది తప్పినవాళ్లకు ట్యూషన్లు చెబుతూ మొదలైన సంగతి నాకు తెలీదా? నేను గట్టెక్కింది అక్కడే. సరే, గొప్పలు ఎవరైనా చెప్పుకుంటారు. పదిహేడో పేజీ తిప్పాను. 'మా ప్రముఖ పట్టభద్రులు'. నాలుగో ఫొటో నా బిడ్డ యామినిది. కింద 'సివిల్ జడ్జి' అని రాశారు.

సిగ్గులేని మనుషులు! యామిని వాళ్లమ్మ ఆపరేషన్‌కి నెలన్నర ఆసుపత్రిలో తోడుంటే, హాజరు తగ్గిందని లా చివరి ఏడాదిలో దాన్ని డిటెయిన్ చేసిందెవరు? రిజిస్ట్రార్ పద్మనాభం కాళ్లు పట్టుకున్నాను. "ఇలాంటివాళ్లు లాయర్లు కాకపోతే కొంపలేం మునగవు" అన్నాడు. టీసీ తీసుకుని వరంగల్‌లో పూర్తి చేసింది నా పిల్ల.

ఫైలు పట్టుకుని ఆయన గదికి వెళ్లాను.

"సార్, నా బిడ్డ ఫొటో తీసెయ్యుండ్రి. మీ దగ్గర పాస్ కాలే గదా."

"రెండేళ్లు చదివిందిగా, చాలు. నీకు గర్వంగా లేదటయ్యా?"

"గర్వం నాకున్నది. మీకెందుకు సార్? మీరు ఎళ్లగొట్టిన్రు."

"సదాశివా, షట్టర్ అగ్రిమెంట్ వచ్చే నెలతో అయిపోతోంది. గుర్తుందా? నోరు మూసుకుని కాపీలు తియ్. పొద్దున తొమ్మిదికి నా టేబుల్ మీద ఉండాలి."

మల్కాజ్‌గిరిలో ఇంటికి వెళ్లాను. డిటెన్షన్ ఉత్తరం అప్పట్లోనే లామినేషన్ చేసి బీరువాలో పెట్టాను, కోపం చల్లారకూడదని. నా భార్య పుష్పమ్మకు సంగతంతా చెప్పాను.

"షాపు పోతే ఏం తింటం?" అంది. అంటూనే బీరువా తెరిచి, ఉత్తరం తనే తీసి నా చేతిలో పెట్టింది.

షాపుకి తిరిగొచ్చి దానికి ఐదు జిరాక్సులు తీశాను. పదిహేడో పేజీ వెనకాల ఒక్కోటి పెట్టి స్పైరల్ వేశాను. పద్మనాభం సంతకం, గుండ్రటి ముద్ర స్పష్టంగా పడ్డాయి.

పొద్దున తొమ్మిదికి టేబుల్ మీద పెట్టాను. ఆయన అట్టలు తడిమి చూశాడు, లోపల తెరవలేదు.

"శభాష్, నీట్‌గా చేశావ్."

తనిఖీవాళ్లు తలా ఒక కాపీ తీసుకుని కూర్చున్నారు. నేను షాపుకొచ్చి మిషన్ల ప్లగ్గులు పీకడం మొదలుపెట్టాను.