కిటికీ వెనక నేర్చిన అడుగులు

మా బళ్లో ఆటల పీరియడ్ వస్తే మగపిల్లలు ఫుట్‌బాల్‌కి మైదానంలోకి, ఆడపిల్లలు ఏరోబిక్స్‌కి హాల్లోకి. ఎవరు పెట్టిన రూలో తెలియదు కానీ అందరికీ వేదవాక్కు. హాలు నాది, మైదానం ఫుట్‌బాల్ ఆడించే విజిల్ మాస్టారిది. నేను నేర్పేవాటిని ఆయన గెంతులంటారు. ఒక్క పాట అయ్యేదాకా ఆయన్ని గెంతిస్తే తెలుస్తుందని నాకు నోటిదాకా వస్తుంది, మింగేస్తాను.

ఆ రోజు ఏరోబిక్స్ పోటీ. జడ్జీలు వచ్చి కూర్చున్నాక, ముందు నిలబడి నడిపించాల్సిన పిల్లకి మెట్ల మీద కాలు బెణికింది. ఆ చోట విద్యార్థే ఉండాలి, టీచరు పనికిరాదు. పైగా వరసకి ఎదురుగా నిలబడేవాళ్లు అద్దంలో బొమ్మలా చెయ్యాలి. "కుడి" అని అరుస్తూ తమ ఎడమ కాలు వెయ్యాలి. ఇంకో అమ్మాయిని నిలబెట్టి చూశాను. అలవాటుకొద్దీ కుడికాలే వేసింది, వరస మొత్తం తికమకపడింది. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాను.

"నేను చేస్తాను మేడం."

తలుపు దగ్గర గోల్‌కీపర్. విజిల్ మాస్టారి కొడుకు.

"నీకెలా వచ్చురా?"

"మా గోలు వెనకే కదా మీ కిటికీ. బంతి అవతలుంటే ఇటు చూస్తుంటా. మీ వీపే కనిపిస్తుంది. మీ కాలు ఎటు పడితే నా కాలూ అటే."

వాడు అన్ని గోల్స్ ఎందుకు వదిలేస్తున్నాడో అప్పుడర్థమైంది. అందరూ నన్ను ఎదురుగా చూసి నేర్చుకుంటే, వీడు వెనక నుంచి చూసి నా అడుగులే నేర్చుకున్నాడు.

"మీ నాన్న ముందు కుర్చీల్లోనే ఉన్నారు."

"చూశాను మేడం."

వద్దనాల్సింది. అనలేకపోయాను.

పాట మొదలైంది. "జడ మర్చిపోయావురా!" వెనక నుంచి ఎవడో కేకేశాడు, హాలంతా నవ్వింది. మాస్టారు లేచి నిలబడ్డారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి, కాలు గాల్లోనే ఆగింది.

"కుడి!" అని అరిచి ఎడమ కాలు వేశాడు. వరస మొత్తం ఒక్కటిగా కదిలింది. పాట ముగిసేదాకా వాడు తండ్రి వైపు చూడలేదు.

చప్పట్లు ఆగకముందే మాస్టారు మా దగ్గరికొచ్చారు. "వీణ్ణి ఎవరు పంపారు?"

"నేనే..." అన్నాను.

"కాదు నాన్నా. నేనే అడిగాను."

"అయితే రేపట్నుంచి టీమ్‌లో నీకు చోటు లేదు."

కొడుకు కాళ్లబేరానికొస్తాడని ఆయన ఎదురుచూశారు. నేనూ అదే అనుకున్నాను.

"సరే నాన్నా," అన్నాడు వాడు. తల మీది బరువు దించుకున్నవాడిలా ఉన్నాడు.

మాస్టారు వాడి మొహంలోకి చూశారు. "మరి ఇన్నాళ్లూ ఎందుకు ఆడావురా?"

"నువ్వు సంతోషపడతావని."

ఆయన పక్కనున్న కుర్చీలో కూలబడ్డారు.