రంగు వేయని చుక్క

మనవరాలు చదువుకుని, ఇంటింటికీ తిరిగి నీళ్లడిగే ఉద్యోగం తెచ్చుకుందని వీధిలో ఒకటే వేళాకోళం. "పిన్నీ, మీ పిల్లకి ఇంకా దాహం తీరలేదా?" అనేవారు. "తీరుతుందిలే, మీ బోర్లన్నీ ఎండగట్టాక," అనేది అమ్మమ్మ. ఊరుకునే రకమా ఆవిడ!

ఆ పిల్ల చేసేది భూమిలో నీళ్ల లెక్క. ఎండాకాలంలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి ప్రతి బోరు నీళ్లూ సీసాలో పట్టి పరీక్ష చేయాలి. ఉప్పగా ఉంటే పటం మీద ఎర్ర చుక్క, ఓ మోస్తరైతే పసుపు, తియ్యగా ఉంటే నీలం. ఆ పటం పెద్దాఫీసరుకి నచ్చితేనే ఉద్యోగం ఖాయం.

తెల్లారితే పటం చూపించాలి. సాయంత్రం పటాలు రెండూ మంచం మీద పరుచుకుని దిగాలుగా కూర్చుంది పిల్ల. వానల తర్వాత వీధంతా ఎరుపు నుంచి పసుపుకి దిగింది. కుట్టుమిషను ఆవిడ ఇల్లొక్కటే నీలం నుంచి పసుపుకి ఎక్కింది. వానకి నీళ్లు బాగుపడాలి గానీ, పాడవడమేంటి?

"పక్కింటి రంగే పూసెయ్యి. చుక్కనెవరు గిల్లి చూస్తారు?" అంది అమ్మమ్మ.

"ఊరుకో అమ్మమ్మా!" అని చెప్పులేసుకుంది పిల్ల. అమ్మమ్మ వెనకాలే నడిచింది.

కుట్టుమిషను ఆవిడ జాకెట్టుకి గుండీలు కుడుతోంది. "అత్తా, ఎండాకాలం కరెంటు లేదని సీసా నీకిచ్చి వెళ్లాను, గుర్తుందా? మోటారు కాసేపు వదిలి, పాత నీళ్లు పోయాకే పట్టమన్నాను. అలాగే పట్టావా?" అని అడిగింది పిల్ల.

"అయ్యో, ఆ ఉప్పునీళ్లా? ఆఫీసుకెళ్లే సీసాలో అవి పోస్తే మన వీధి పరువేం కాను? మేం కొనుక్కునే క్యాను నీళ్లు పోశానే తల్లీ! సీసా కూడా తళతళా తోమిచ్చాను."

పిల్లకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మమ్మకి మాత్రం ఆవిడ జడ పట్టుకుని వంచాలనిపించింది.

మర్నాడు ఆఫీసులో వెనక బెంచీ మీద కూర్చుంది అమ్మమ్మ. పిల్ల లేచి, పటం మీద ఒక ఖాళీ సున్నా చూపించింది.

"ఈ బోరు ఎండాకాలం ఎలా ఉందో నాకు తెలియదు సార్. సీసా నా చేత్తో పట్టలేదు. తప్పు నాదే."

పెద్దాఫీసరు కళ్లజోడు తీశాడు.

"మిగతావో?"

"అన్నీ నేనే పట్టాను."

"అయితే దాన్ని ఖాళీగానే ఉంచు. వచ్చే ఎండాకాలం మోటారు దగ్గర నువ్వే నిలబడి పట్టు."

వచ్చే ఎండాకాలం అన్నాడంటే ఉద్యోగం ఉన్నట్టేగా! అమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, చెమట పట్టిందంటూ.

పటాన్ని ఆఫీసు వరండాలో తగిలించారు. అమ్మమ్మ కుట్టుమిషను ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి మరీ చూపించింది.

"అందరికీ రంగులేసి మా ఇంటికి వేయలేదేం?" అని మూతి ముడిచింది ఆవిడ.

"రంగెవరైనా వేస్తారే. తెలియనిది తెలియదని అంతమంది ముందు చెప్పింది నా మనవరాలు," అంది అమ్మమ్మ, ఆ ఖాళీ సున్నాని వేలితో నిమురుతూ. "ఈసారి సీసా ముట్టుకున్నావో, చెయ్యి విరగ్గొడతాను."