మక్కచేనికి కొన్న రైఫిల్

నేను ఒక రైఫిల్‌ని. పేరు చెప్పగానే వెనక్కి జరిగి కూర్చోకండి. ఇప్పుడు నాలో తూటా లేదు, తూటాను పేల్చే బోల్టు కూడా లేదు. దాన్ని ఊడదీసి వేరే సంచిలో పెట్టారు. పోలీస్ స్టేషన్ వెనక గదిలో, మెడకు ఒక అట్టముక్క కట్టించుకుని గోడకు ఆనుకుని ఉన్నాను. నా పక్కన ఒక తుప్పు కత్తి, ఏదో సారా కేసులో పట్టుబడిన కుండ ఉన్నాయి. ఇంతమంచి సావాసం దొరికినప్పుడు పాత సంగతులు చెప్పుకోవాలనిపించడం సహజమే కదా.

నేను పుట్టింది ప్రభుత్వ కర్మాగారంలో. ఇనప కడ్డీకి నిలువునా తూటు పొడిచి, లోపల మెలికల గాడులు తీసి, భుజానికి ఆనించే మామూలు చెక్క మడమ తగిలించి నన్ను తయారుచేశారు. నా అందం మీద అక్కడ ఎవరికీ ఆశల్లేవు. నగిషీ లేదు, వెండి పూత లేదు. కానీ బోల్టును అరగదీసిన కార్మికుడు మాత్రం సాయంత్రం కూత పడినా లేవకుండా, అది వెన్నలా జారేదాకా అరగదీశాడు. అతని పేరు నాకు తెలియదు. అతనికి నేను బాకీపడిన దండం ఇప్పటికీ అలాగే ఉంది.

అక్కడినుంచి హైదరాబాదులో మొయినుద్దీన్ సాబ్ తుపాకుల దుకాణానికి చేరాను. పై అరల్లో మఖమల్ గుడ్డమీద విదేశీ తుపాకులు పడుకునేవి. కింద, చీపురుకట్ట పక్కన, నేను నిలబడేదాన్ని. వచ్చినవాళ్లంతా పైకి చూసేవారు. ధర విన్నాక కిందికి చూసేవారు. నన్ను చూశాక బయటికి చూసేవారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రాజలింగం వచ్చాడు. నిర్మల్ వైపు గుట్టల కింద అతని ఊరు. గుట్ట అంచునే మక్కచేను. రెండేళ్లు వరసగా కంకి పాలుపోసుకునే వేళకు అడవిపందులు దిగి, తిన్నంత తిని, మిగిలింది తొక్కి పోయాయి. డప్పులు కొట్టారు, మంటలు పెట్టారు, ముళ్లకంప కట్టారు. పందులు వాటికి అలవాటుపడ్డాయి. ఈ ఏడు కూడా పంట పోతే చేను కౌలుకిచ్చి బొంబాయి మిల్లుకు పోవడం తప్ప అతనికి దారిలేదు. పంట కాపలాకని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి లైసెన్సు సంపాదించాడు. చేతిలో ఉన్నది తక్కువ, తుపాకీ మాత్రం పనిచేసేది కావాలి.

తోడుగా భూమన్న వచ్చాడు. రాజలింగం భార్య లస్మవ్వకు స్వయానా అన్న. ఇద్దరూ ఒకరినొకరు ‘బావా’ అని పిలుచుకునేవారు, ఒకే కంచంలో తినేవారు. భూమన్నకు తుపాకుల గురించి తెలిసింది శూన్యం, అభిప్రాయాలు మాత్రం బండెడు. దుకాణంలో అడుగుపెట్టగానే, మీట నొక్కుతూ పోతే తూటా వెనక తూటా తనే ఎక్కించుకునే ఒక దొరల తుపాకీని పట్టుకున్నాడు. దాని మడమ మీద జింక బొమ్మ చెక్కి ఉంది. ఎవరో వాడి అమ్మినది కాబట్టి ధరలో బేరమాడొచ్చని అతని లెక్క.

మొయినుద్దీన్ సాబ్ వ్యాపారి అయినా నిజాయితీపరుడు. దుకాణం ఎప్పుడూ ఖాళీగా ఉండటానికి అదీ ఒక కారణం. తెల్లటి దస్తీగుడ్డ ఒకటి వెనకవైపు పట్టుకుని, జింకబొమ్మ తుపాకీ గొట్టంలోకి చూడమన్నాడు. లోపలంతా తుప్పు తిన్న గుంటలు, మశూచి పోసిన ముఖంలా. తర్వాత నన్ను ఎత్తి, బోల్టు లాగి చూపించాడు. నా లోపలి గాడులు కొత్త కంచంలా మెరిశాయి. సిగ్గుపడ్డాననే చెప్పాలి, నా లోపలికి అంత శ్రద్ధగా చూసినవాళ్లు అంతవరకు లేరు.

“పటేలా, గా తుపాకి తూటాలు విలాయత్‌కెల్లి రావాలె. రాకపోతే ఏం జేస్తవ్? దాంతోని కారం దంచుకుంటవా?” అన్నాడు సాబ్. నా తూటాలు జిల్లా కేంద్రంలోనే దొరుకుతాయట. ఆపైన కళ్లు మూసుకుని నన్ను భుజానికి ఎత్తుకోమన్నాడు. రాజలింగం ఎత్తుకుని కళ్లు తెరిచాడు. గురి చూసే వెనక చీలికలో ముందు ముల్లు సరిగ్గా నిలిచి ఉంది. మెడ వంచాల్సిన పని కూడా పడలేదు. అతను నన్ను దించకుండా అలాగే కాసేపు ఉండిపోయాడు.

భూమన్నకు మాత్రం నేను కంటికి ఆనలేదు. ప్రతి తూటాకూ బోల్టు ఎత్తాలి, వెనక్కి లాగాలి, ముందుకు తోయాలి, కిందికి దించాలి; ఈ కసరత్తు అయ్యేలోపు పంది గుట్టెక్కి కూర్చుంటుందని ఎగతాళి చేశాడు. “గింత సాదా తుపాకి కొంటే ఊర్ల మన ఇజ్జత్ ఏముంటది?” అన్నాడు.

“పందులు నా ఇజ్జత్ జూస్తయా బావా?” అన్నాడు రాజలింగం.

సాబ్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. పరాయివాడి ముందు తన మాట తీసిపారేశాడని భూమన్న మూతి ముడుచుకున్నాడు. తిరుగు బస్సులో ఒకడు ముందు సీట్లో, ఒకడు వెనక సీట్లో. మధ్యలో రాజలింగం ఒళ్లో నేను, కొత్త కోడలిలా గుడ్డ కప్పుకుని.

ఆ వానకాలమంతా ఇద్దరికీ మాటల్లేవు. పొలాలు పక్కపక్కనే, మధ్యలో ఒక వాగు. ఏదైనా చెప్పుకోవాలంటే లస్మవ్వే అటూ ఇటూ మోసేది. ముందు నోరు తెరిచినవాడు ఓడినట్టని ఇద్దరూ గట్టిగా నమ్మారు. మనుషులు ఇంత చిన్న యుద్ధాన్ని ఇంత దీక్షగా చేయగలరని నాకు అప్పుడే తెలిసింది.

నేను మాత్రం నా పని చేశాను. చేనిలో మంచె వేశారు. రాజలింగం తూటాలను నా కడుపులో ఉంచేవాడు కానీ గొట్టంలోకి ఎక్కించేవాడు కాదు. మంచె ఎక్కేటప్పుడు కాలు జారితే ప్రమాదమని సాబ్ చెప్పి పంపాడు. మొదటి పంది పడ్డాక మిగిలిన మంద గుట్ట దిగడం తగ్గించింది. కంకులు పాలుపోసుకున్నాయి. లస్మవ్వ నా మడమకు ఒకసారి పసుపు పెట్టింది.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున, మంచు చేనంతా కమ్మి ఉంది. మక్కకంకులు విరుగుతున్న చప్పుడు వినిపించింది. రాజలింగం లేచి చూశాడు. మొక్కల మధ్య నల్లటి వీపు ఒకటి పైకి లేచి, మళ్లీ కుంగింది. అక్కడ ఒక పద్ధతి ఉంది. మసక వేళ మంచె మీదివాడు ‘ఓహో’ అని కేకేస్తాడు. చేనిలో మనిషి ఉంటే దగ్గుతాడు. రాజలింగం కేకేశాడు. దగ్గు వినిపించలేదు. నల్ల వీపు ఇంకా కిందికి నక్కింది.

అది భూమన్న. అతని దూడ తాడు తెంపుకుని వాగు దాటి బావ చేనిలో పడింది. రాజలింగం కంటపడకముందే దాన్ని లాక్కుపోదామని, నల్ల గొంగడి నెత్తిన కప్పుకుని వంగి వంగి వచ్చాడు. కేక విన్నాడు. దగ్గితే తన దూడ పంట మేసిందని ఒప్పుకోవాలి, పైగా ముందు నోరు తెరిచినవాడు తనే అవుతాడు. దూడ మూతి రెండు చేతులా మూసి నేలకు కరుచుకున్నాడు.

రాజలింగం నన్ను భుజానికి ఎత్తాడు. నా ముల్లు ఆ నలుపు మీద నిలిచింది. నాకు తెలియదు, అతనికీ తెలియదు. అతని చెయ్యి బోల్టు మీదికి వెళ్లింది. ఎత్తాడు, లాగాడు. తెల్లవారుజాము నిశ్శబ్దంలో నా ఇనుము చప్పుడు చేనంతా వినిపించింది. ముందుకు తోస్తుండగా మంచులోంచి మాట వచ్చింది.

“బావా, నేనే. కొట్టకు.”

రాజలింగం నన్ను మంచె మీద ఎలా పడేశాడో నాకే తెలియదు. దిగి నాలుగడుగులు వేశాడో లేదో, మొక్కల్లో కూలబడ్డాడు. భూమన్న లేచి వచ్చి తన గొంగడి తీసి అతని మీద కప్పి, పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. దూడ మాత్రం తీరిగ్గా ఇంకో కంకి అందుకుంది.

నా నిదానాన్ని భూమన్న ఎగతాళి చేసినప్పుడు నేనూ లోలోపల నొచ్చుకున్నదాన్నే. ఆ పొద్దున ఆ నిదానానికి నేనే చేతులెత్తి మొక్కాను. ఆ నాలుగు కదలికల మధ్య ఒక మనిషి నోరు తెరిచే వ్యవధి మిగిలింది. నన్ను అలా చేసినవాళ్లకు, అలా ఎంచుకున్నవాళ్లకు అప్పటినుంచీ నా మనసులో దండాలే.

సంగతి విన్న లస్మవ్వ ఎవరినీ తిట్టలేదు. నా బోల్టు ఊడదీయించి బియ్యం గుమ్మిలో దాచింది. ఆ తర్వాత రాజలింగం చేనికి పోవాలంటే ఆమెను అడగాల్సిందే. “మా అన్న ఇంట్ల ఉన్నడా? చూసొచ్చి చెప్పు” అనేది. అతను వాగు దాటి పోయి, చూసి, ఒక చుట్ట కాల్చి, కబుర్లాడి వచ్చాక గాని బోల్టు చేతికిచ్చేది కాదు. రానురాను పశువుల కాపరుల గురించీ, కట్టెలకు పోయినవాళ్ల గురించీ అడగడం మొదలుపెట్టింది. బియ్యం పిండి అంటిన బోల్టుతో తిరిగిన రైఫిల్ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుండాలి. పంట ఇంటికొచ్చింది. బొంబాయి మాట మళ్లీ ఆ ఇంట్లో వినపడలేదు.

ఏళ్లు గడిచాయి. వేట చట్టాలు మారాయి, మంచెలు పోయాయి, లస్మవ్వా పోయింది. రాజలింగం కళ్లకు శుక్లాలు వచ్చాయి. లైసెన్సు ఇక వద్దని, నన్ను స్టేషనులో అప్పగించడానికి భూమన్న చెయ్యి పట్టుకుని వచ్చాడు. కుర్ర కానిస్టేబుల్ నన్ను తిప్పి చూసి, ఇదేమైనా పనిచేసేదా, ఎన్నింటిని చంపింది తాతా అని అడిగాడు.

“సంపినయి యాదికి లేవు సారూ. నన్నైతే సంపలే” అన్నాడు భూమన్న.

ముసలాయన హాస్యమాడాడనుకుని కానిస్టేబుల్ నవ్వాడు. రాజలింగం నవ్వలేదు. చెయ్యి చాపి, తడుముకుంటూ నా మడమను ఒకసారి నిమిరాడు. తర్వాత ఇద్దరూ బయలుదేరారు. మెట్ల దగ్గర జాగ్రత్త చెబుతూ “పైలం బావా” అన్న మాట వినిపించింది. ఎవరు ఎవరితో అన్నారో నాకు తెలియలేదు. ఇద్దరి గొంతులూ ముసలివై ఒక్కలాగే ఉన్నాయి.